పాటకు పట్టా ఎవరి పేర?

మన పాత నాటకాల పాటల పుస్తకాలు తిరగవేసినవారికి ఒక చిన్న విశేషం కంటబడుతుంది. పాటకు పైన "ఫలానా పాట మెట్టు" అని ఒక పంక్తి అచ్చయి ఉంటుంది. ఆ వరస కొత్తది కాదు, జనం నోట నలిగినదే, దానిమీద కవి కొత్త మాటలు కూర్చాడు అని దాని అర్థం. ఆ సంగతి దాచుకోవాలని ఎవరికీ తోచలేదు. పైగా చెప్పుకోవడం వల్ల ప్రయోజనమే ఉన్నది. స్వరం చూసి పాడడం రాని నటుడు కూడా ఆ పంక్తి చదివి పాట ఎత్తుకోగలిగేవాడు. మెట్టు ఊరి చెరువు వంటిది. ఎవరి కడవ వారు ముంచుకున్నారు.

ముత్తుస్వామి దీక్షితులంతటి వాగ్గేయకారుడు తెల్లవారి బ్యాండు మేళం వాయించే వరసలకు సంస్కృత సాహిత్యం కూర్చాడు. ఆయన నోటుస్వరాలలో ఒకటి సాక్షాత్తు ఇంగ్లండు రాజుగారి ప్రార్థనగీతం వరసకు అల్లినదే. దీక్షితులు 1835లో కన్నుమూశారు. ఈ పనికి ఆయనను దొంగ అన్నవారు లేరు. అట్లాగని మన పూర్వులకు కర్తృత్వమనే భావన లేకపోలేదు. క్షేత్రయ్య పదంలో మువ్వగోపాలుడు, త్యాగరాజ కృతిలో త్యాగరాజు కనబడి తీరవలసిందే. అయితే ముద్ర అన్నది "ఇది నేను కట్టినది" అని చెప్పే సాక్ష్యమేగాని, "నా అనుమతి లేక పాడరాదు" అనే నిషేధం కాదు. పాట వెంట పేరు పోయేది, ధర పోయేది కాదు.

ఇటువంటి సంప్రదాయంలో పెరిగిన మనకు, రెండు పాటల వరసలు ఒక్క తీరుగా ఉన్నాయని పాటలు కట్టేవారు కోర్టులకెక్కడం మొదట వినగానే నవ్వు తెప్పిస్తుంది. సరిగమలకు సర్వేరాళ్లేమిటి అనిపిస్తుంది. కాని ఆ నవ్వు తొందరపాటు. ఊరి చెరువు అని మనం అనుకున్నచోట ఒక్కొక్కప్పుడు ఒక పేదవాడు రెక్కలు ముక్కలు చేసుకుని తవ్వుకున్న బావి ఉండవచ్చు. "నీళ్లు అందరివీ" అని అందులో ముంచుకుపోయి బజారులో అమ్ముకునేవాడు ఉదారుడు కాడు. అదే విధంగా నిజమైన ఊరి చెరువుకే కంచె వేసుకుని కడవకింత అని వసూలు చేసేవాడూ ఉంటాడు. పాటల వ్యాజ్యాల చరిత్ర యావత్తూ ఈ రెండు అన్యాయాల చరిత్ర. ఈ రెండు పాటలకూ పోలిక ఎంత అని కోర్టులు వందేళ్లుగా కొలుస్తూ వచ్చాయి. శ్రమ ఎవరిది, డబ్బు ఎవరి చేతికి పోయింది అన్న ప్రశ్న ఆ కొలతల వెనక మరుగున పడింది. ఆ ప్రశ్న ముందు పెట్టుకుని ఈ చరిత్రను చూద్దాం.

1

పుస్తకాలు రాసేవారికి హక్కు కల్పిస్తూ ఇంగ్లండులో 1710లో ఒక శాసనం అమలుకు వచ్చింది. అందులో సంగీతం ఊసు లేదు. సుప్రసిద్ధ జర్మన్ స్వరకర్త బాఖ్ కుమారుడు యోహాన్ క్రిస్టియన్ బాఖ్ లండనులో స్థిరపడి సంగీతమే వృత్తిగా బతికాడు. తన రచనలను అనుమతి లేకుండా అచ్చువేసుకున్న ప్రచురణకర్తలమీద ఆయన దావా వేశాడు. 1777లో న్యాయమూర్తి మాన్స్‌ఫీల్డ్ ప్రభువు, కాగితంమీద గుర్తులతో రాసిన సంగీతం కూడా ఆ శాసనం చెప్పిన "రచన" కిందికే వస్తుందని తీర్పు చెప్పాడు. తీర్పు మంచిదే. కాని ఒక విషయం గమనించాలి. హక్కు వచ్చింది కాగితానికి, కంఠానికి కాదు. పాడి, విని, నేర్చి, మళ్లీ పాడే లోకమంతా ఆ తీర్పుకు వెలుపలనే ఉండిపోయింది. ఈ లోపం ఇరవయ్యో శతాబ్దం దాకా వెంటాడుతూనే ఉన్నది.

పారిస్ నగరంలో 1847లో జరిగిన ఒక సంఘటన కూడా చెప్పుకోదగినది. ఎర్నెస్ట్ బూర్జే అనే పాటల రచయిత ఒక వినోదశాలలో కూర్చుని పానీయం తెప్పించుకున్నాడు. అక్కడ పాడుతున్నవి ఆయన పాటలే. బిల్లు వచ్చినప్పుడు ఆయన చెల్లించను పొమ్మన్నాడు. నా పాట మీరు ఊరికే వాడుకుంటున్నప్పుడు మీ పానీయం నాకు ఊరికే రావద్దా అన్నది ఆయన వాదం. తగాదా కోర్టుకు పోయింది. న్యాయస్థానం రచయిత పక్షాన నిలిచింది. దరిమిలా 1851లో ఫ్రెంచి రచయితలు, స్వరకర్తలు, ప్రచురణకర్తలు కలిసి, బహిరంగంగా పాట పాడించేవారినుంచి రుసుము వసూలు చేసే సంఘాన్ని నెలకొల్పుకున్నారు. అది నేటికీ పనిచేస్తున్నది.

కాబట్టి పాటమీద హక్కు అనేది కేవలం దురాశలోంచి పుట్టినది కాదు. అది మొదట కూలి అడగడమే. పాట కట్టడం పని. పనికి కూలి ఉండాలి. ఇందులో పరిహాసానికి తావు లేదు. అయితే అచ్చుకాగితాల వర్తకం, వాటి తరువాత గ్రామఫోను, ఆ పైన రేడియో, సినిమా వచ్చేసరికి పాట పెద్ద సరుకయింది. సరుకయిన తరువాత, దాన్ని తయారుచేసినవాడు ఒకడు, దాని కాగితం చేతబట్టుకున్నవాడు మరొకడు అయ్యారు. పోలికల వ్యాజ్యాలు విరివిగా పుట్టింది ఈ దశలోనే.

2

పోలికను కొలవడానికి కోర్టులు తక్కెడ ఎట్లా తయారుచేసుకున్నాయో చూడాలి. 1919లో అమెరికాలో 'డార్డనెల్లా' అనే పాట ఊరూరా మోగింది. దాని కింది స్వరాలలో ఎనిమిది స్వరాల చిన్న గమనం ఒకటి ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. తరువాత రెండేళ్లకు జెరోమ్ కెర్న్ అనే ప్రఖ్యాత స్వరకర్త కట్టిన 'కలూవా' పాటలోనూ అటువంటి గమనమే వినిపించింది. 1924లో న్యూయార్కులో న్యాయమూర్తి లెర్నెడ్ హ్యాండ్ ఆ వ్యాజ్యం విన్నాడు. తాను తెలిసి తీసుకోలేదన్న కెర్న్ మాటను ఆయన నమ్మాడు. అయినా మనసు మనకు తెలియకుండానే పాత జ్ఞాపకాన్ని కొత్త ఊహగా అందించగలదని, అటువంటప్పుడు కూడా తప్పు తప్పేనని తేల్చాడు. నష్టపరిహారం మాత్రం చట్టం అనుమతించిన కనీసం, 250 డాలర్లు.

1946లో మరో తీర్పు వచ్చింది. ఐరా ఆర్న్‌స్టైన్ అనే స్వరకర్త, పేరు మోసిన పాటలెన్నో తనవేనని ఒకరి తరువాత ఒకరిని కోర్టుకు లాగాడు. ఒక్క వ్యాజ్యమూ గెలవలేదు. కోల్ పోర్టర్‌మీద వేసిన దావా కూడా చివరకు ఓడిపోయాడు. కాని ఆ దావా దారిలో పై కోర్టు చెప్పిన సూత్రం మిగిలింది. మొదట, రెండోవాడు మొదటివాడి పాటను నిజంగా తీసుకున్నాడా అని చూడాలి. అందుకు సంగీత పండితుల సాక్ష్యం పనికివస్తుంది. తరువాత, తీసుకున్నది తప్పు అనదగినంత ఉన్నదా అని చూడాలి. అది మామూలు శ్రోత చెవి తేల్చవలసినది.

ఈ తక్కెడను తీసిపారేయలేము. ఒక బాణీలోని స్వరాలు, చతురశ్రగతి, నాలుగు తీగల మీటు ఎవరి సొంతమూ కావని అందరూ ఒప్పుకుంటారు. వాటిని ఒకానొక పద్ధతిలో పేర్చి, ఇంతకుముందు లేని మాటో పలుకో మోగించడంలో మాత్రం ఒకరి శ్రమ ఉన్నది. ఉమ్మడి ఎక్కడ ఆగుతుంది, సొంతం ఎక్కడ మొదలవుతుంది అన్నది కష్టమైన ప్రశ్నే. కాని ఈ తక్కెడ తూచేది పాటలనే. మనుషులను కాదు. దాని ఫలితమేమిటో తరువాతి వ్యాజ్యంలో స్పష్టంగా కనబడుతుంది.

3

బీటిల్స్ బృందంలోని జార్జి హారిసన్ 1970లో 'మై స్వీట్ లార్డ్' అనే పాట విడుదల చేశాడు. కృష్ణనామం కూడా వినిపించే ఆ భక్తిగీతం ప్రపంచమంతటా మారుమోగింది. దాని వరస 1963లో షిఫాన్స్ అనే నల్లజాతి యువతుల బృందం పాడిన 'హీజ్ సో ఫైన్' వరసేనని 1971లో దావా పడింది. న్యాయమూర్తి రిచర్డ్ ఓవెన్ స్వయంగా సంగీతరూపకాలు కట్టినవాడు. ఆయన రెండు పాటలనూ ముక్కముక్కగా విడదీసి, రెండు చిన్న స్వరసమూహాలు రెండింటిలోనూ ఒకే క్రమంలో పునరుక్తమవుతున్నాయని చూపాడు. హారిసన్ కావాలని దొంగిలించలేదని, తెలియకుండా జ్ఞాపకంలోంచి తీసుకున్నాడని 1976లో తీర్పు చెప్పాడు. యాభై ఏళ్లనాటి 'కలూవా' సూత్రమే ఇది.

ఇంతవరకు అందరూ చెప్పుకునే కథ. ఇందులో మనం అడగవలసిన ప్రశ్న వేరు. 'హీజ్ సో ఫైన్' కట్టినవాడెవడు? రానీ మాక్ అనే నల్లజాతి యువకుడు. ఆ పాట పేరుకెక్కిన 1963లోనే అతడు జబ్బుచేసి చనిపోయాడు. దావా వేసింది పాట కాగితం చేతిలో ఉన్న ఒక ప్రచురణ సంస్థ. అంతటితో ఆగలేదు. హారిసన్ వ్యవహారాలు ఒకప్పుడు చూసిపెట్టిన ఆలెన్ క్లయిన్, వ్యాజ్యం నడుస్తుండగానే అవతలి పక్షంతో మంతనాలాడి, 1978లో 5,87,000 డాలర్లకు ఆ హక్కులు తానే కొనుక్కున్నాడు. అంటే ఒకనాడు హారిసన్ తరఫున మాట్లాడినవాడే వాదిగా ఎదుట నిలిచాడు. అచ్చుకూడి వచ్చే నష్టం 15,99,987 డాలర్లని కోర్టు లెక్కకట్టింది గాని, నమ్మకద్రోహం చేసినవాడు లాభపడరాదని 1981లో ఆ లెక్కను క్లయిన్ పెట్టిన కొనుగోలు ధరకే కుదించింది.

స్వరాలను ఇంత జాగ్రత్తగా లెక్కించిన న్యాయం, డాలరు వరకు కచ్చితంగా కూడిక వేసిన న్యాయం, ఎవరి మధ్య జరిగింది? ఒక కోటీశ్వరుడైన గాయకునికీ అతని పాత కార్యకర్తకూ మధ్య. పాట కట్టిన కుర్రవాడు ఆ గదిలో ఎక్కడా లేడు.

4

మాక్ వరస విషయంలో పోలిక ఉన్నదా లేదా అన్న వాదమైనా జరిగింది. పోలికను ఎవరూ కాదనని చోట కూడా కర్త ఎట్లా మాయమవుతాడో చూడాలంటే దక్షిణాఫ్రికాకు పోవాలి.

సాలమన్ లిండా 1909లో నటాల్ ప్రాంతపు జూలూ పల్లెల్లో పుట్టాడు. చదువు అంతంతమాత్రం. చిన్నతనంలో పశువులు కాసేవాడు. కూటికోసం పల్లెలు వదిలి వచ్చే వేలాది నల్లవారివలెనే జొహానెస్‌బర్గు చేరాడు. పగలు పని, రాత్రి వసతిగృహాల్లో పాట. గాలో అనే రికార్డుల కంపెనీలో రికార్డులు సర్ది కట్టే పనికి కుదిరాడు. 1939లో ఆ కంపెనీ స్టూడియోలోనే తన 'ఈవెనింగ్ బర్డ్స్' బృందంతో 'ఇంబూబే' పాడాడు. ఇంబూబే అంటే సింహం. ఆ రికార్డింగులో ఆఖరున, బృందం కింద శ్రుతి పట్టి ఉండగా, లిండా గొంతు ఎత్తి అప్పటికప్పుడు ఒక చిన్న వరసను ఆశువుగా పలికాడు. తరువాత లోకమంతా పాడుకున్నది ఆ కొద్ది స్వరాలనే.

ఆ రికార్డు ఆఫ్రికాలో సుమారు లక్ష ప్రతులు అమ్ముడుపోయింది. ఆ తీరు బృందగానానికి ఇంబూబే అన్నదే పేరయింది. లిండాకు పాట హక్కుల కింద ముట్టినది పది షిల్లింగులు, అనగా అర పౌను.

రికార్డు సముద్రం దాటింది. జానపదగీతాల సేకర్త ఆలన్ లోమాక్స్ ద్వారా పీట్ సీగర్ అనే గాయకుని చేతికి వచ్చింది. సీగర్ విని, పరవశించి, జూలూ పలుకును తనకు వినిపించినట్టు 'విమోవే' అని రాసుకున్నాడు. 1952లో ఆయన వీవర్స్ బృందం విడుదల చేసిన ఆ పాటకు రచయిత పేరు 'పాల్ క్యాంబెల్' అని పడింది. పాల్ క్యాంబెల్ అనే మనిషి లేడు. జానపదగీతాలను తమ పేర నమోదు చేసుకోవడానికి ఆ బృందం పెట్టుకున్న మారుపేరది.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. సీగర్ దగాకోరు వ్యాపారి కాడు. కార్మికుల సభల్లో పాడినవాడు, నల్లవారి హక్కులకోసం నిలబడ్డవాడు. 1955లో అమెరికన్ చట్టసభ విచారణసంఘం ఎదుట తన రాజకీయాల గురించి, సహచరుల గురించి చెప్పనని తిరగబడి శిక్షకు సిద్ధపడ్డవాడు. లిండాకు వెయ్యి డాలర్లు పంపించింది కూడా ఆయనే. తన వాటా రాబడి లిండాకు పంపమని ప్రచురణకర్తలకు చెప్పానని, అది సరిగా అందిందో లేదో చూడకపోవడం తన పొరపాటని తరువాత ఒప్పుకున్నాడు. అటువంటి మనిషి చేతిలోనే ఇది జరిగింది. ఎందుకు జరిగింది? ఆఫ్రికానుంచి వచ్చిన పాట అనగానే అది జానపదమని, జానపదమంటే కర్త లేనిదని, కర్త లేనిది అందరిదీ అని ఆలోచన జారుకుంటూ పోయింది. ఆ క్షణాన జొహానెస్‌బర్గులో ఒక మనిషి బతికే ఉన్నాడు. ఆయన పాడిన రికార్డే వారి చేతిలో ఉన్నది.

1961లో మరో ముగ్గురు అమెరికన్ రచయితలు అదే వరసకు ఇంగ్లీషు మాటలు చేర్చారు. టోకెన్స్ బృందం పాడిన 'ది లయన్ స్లీప్స్ టునైట్' ఆ డిసెంబరులో అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. 1962లో లిండా మూత్రపిండాల జబ్బుతో చనిపోయాడు. ఆయన సమాధిమీద రాయి నిలపడానికి భార్యాబిడ్డలకు పద్దెనిమిదేళ్లు పట్టింది. 1994లో డిస్నీ కంపెనీ తీసిన సింహరాజు కథాచిత్రంలో ఆ వరస మళ్లీ వినిపించింది. సొవెటో పేటలో లిండా కుమార్తెలు అప్పటికీ పేదరికంలోనే ఉన్నారు.

2000లో రియాన్ మాలన్ అనే దక్షిణాఫ్రికా పాత్రికేయుడు ఈ కథనంతా తవ్వితీసి అమెరికన్ పత్రికలో రాశాడు. తరువాత న్యాయవాదులు పనికివచ్చే ఆయుధం వెతికారు. అది దొరికినచోటు వింత గొలుపుతుంది. బ్రిటిష్ సామ్రాజ్యమంతటికీ వర్తించేలా చేసిన 1911నాటి కాపీరైటు చట్టంలో ఒక నిబంధన ఉన్నది. రచయిత తన హక్కులు అమ్ముకున్నా సరే, అతడు చనిపోయిన 25 ఏళ్లకు అవి తిరిగి వారసులకు చెందుతాయి. రచయితల కుటుంబాలు దిక్కులేకుండా పోకూడదని పెట్టిన ఆ నిబంధనను డికెన్స్ పేరుతో పిలుస్తారు. ఆ లెక్కన ఒకనాటి సామ్రాజ్యపు దేశాల్లో 'ఇంబూబే' హక్కు 1987లోనే లిండా కుటుంబానికి తిరిగివచ్చింది. 2004లో దావా వేశారు. దక్షిణాఫ్రికాలో డిస్నీకున్న వ్యాపారచిహ్నాలను కోర్టు జప్తులో పెట్టింది. 2006 ఫిబ్రవరిలో రాజీ కుదిరింది. పాత బాకీ, ముందు రాబడిలో వాటా ఇవ్వడానికి, లిండాను సహకర్తగా గుర్తించడానికి అవతలివారు ఒప్పుకున్నారు. కర్త పోయిన 44 ఏళ్లకు.

ఈ వ్యవహారంలో రెండు వరసలకూ పోలిక ఉన్నదా అని తేల్చడానికి ఏ పండితుడూ అవసరం కాలేదు. పోలిక అందరికీ తెలిసినదే. లేనిదల్లా బేరమాడగల శక్తి.

5

దీని తిరకాసు రెండోవైపునుంచి చూడాలి. 2013లో రాబిన్ థిక్, ఫారెల్ విలియమ్స్ కట్టిన 'బ్లర్డ్ లైన్స్' పాట, మార్విన్ గే 1977లో పాడిన 'గాట్ టు గివిట్ అప్' పాటకు కాపీ అని వివాదం లేచింది. 2015లో లాస్ ఏంజిలిస్ జూరీ గే వారసులకు 74 లక్షల డాలర్లు ఇప్పించింది. న్యాయమూర్తి దాన్ని సుమారు 53 లక్షలకు తగ్గించాడు. 2018లో పై కోర్టు ముగ్గురిలో ఇద్దరి మాటగా ఆ తీర్పును ఖాయం చేసింది. మూడో న్యాయమూర్తి జాక్లిన్ న్యూయెన్ మాత్రం ఒప్పుకోలేదు. ఇక్కడ పోలినది బాణీ కాదని, ఒక కాలపు నాట్యసంగీతపు తీరు అని, తీరుకు యజమాని ఉండరాదని ఆమె రాసింది. అమెరికాలో రెండువందల పైచిలుకు సంగీతకారులు ఇదే భయాన్ని కోర్టుకు విన్నవించుకున్నారు.

ఈ వ్యాజ్యంలో బాఖ్ కాలంనాటి కాగితం కూడా మళ్లీ ప్రత్యక్షమయింది. పాత చట్టం ప్రకారం గే పాటకు రక్షణ ఉన్నది కార్యాలయంలో దాఖలు చేసిన స్వరపత్రానికే అని కోర్టు తేల్చింది. ఆ స్వరపత్రం గే రాసినది కాదు. ఆయనకు స్వరలిపి ధారాళంగా చదవడం రాదు. గొంతుతో, వాద్యంతో, స్టూడియోలో కట్టిన పాటకు ఎవరో రాసిన నకలు ప్రమాణమయింది.

ఇంకొక అడుగు ముందుకు పోదాం. ఎడ్ షీరన్ 2014లో విడుదల చేసిన 'థింకింగ్ ఔట్ లౌడ్', గే 1973లో పాడిన మరో పాటను పోలి ఉన్నదని వ్యాజ్యాలు పడ్డాయి. ఒకటి ఆ పాట సహకర్త ఎడ్ టౌన్‌సెండ్ వారసులు వేసినది. 2023 మే నెలలో షీరన్ సాక్షిబోనులో గిటారు పట్టి, ఆ నాలుగు తీగల మీటు ఎన్నెన్ని పాటలకు ఆధారమో వాయించి చూపాడు. జూరీ ఆయన పక్షాన నిలిచింది. రెండో వ్యాజ్యం వేసినది పాటకు సంబంధమే లేని ఒక పెట్టుబడి సంస్థ. టౌన్‌సెండ్ హక్కులో తొమ్మిదో వంతు అది కొనిపెట్టుకున్నది. 1997లో డేవిడ్ బౌవీ పాటల భావి రాబడిమీద ఐదున్నర కోట్ల డాలర్ల బాండ్లు అమ్మిన వ్యాపారంలో పేరు పడినవానిదే ఆ సంస్థ. ఆ దావాను కింది కోర్టు కొట్టివేసింది. 2024లో పై కోర్టు దాన్ని సమర్థిస్తూ, అంతటి మామూలు మేళవింపును ఒకరి పరం చేస్తే సంగీతమే కుంటుపడుతుందన్న ధోరణిలో తీర్పు చెప్పింది.

లిండా సొంత బావిని ఊరి చెరువన్నారు. ఇక్కడ ఊరి చెరువును సొంత బావి అనబోయారు. రెండు చోట్లా లాభం కోరినది కాగితమే.

6

మన దేశం సంగతి ఏమిటి? 1911నాటి సామ్రాజ్య చట్టమే 1914లో కొద్ది మార్పులతో ఇక్కడికీ వచ్చింది. స్వతంత్ర భారతం 1957లో సొంత చట్టం చేసుకున్నది. అందులో "సంగీత రచన"కు ఇచ్చిన నిర్వచనం మన విమర్శకుల దృష్టికి అంతగా రాలేదు. బాణీ గాని మేళవింపు గాని రాతలోకి, అచ్చులోకి, మరో విధమైన లిపిలోకి ఎక్కితేనే అది సంగీత రచన. గురుముఖతః నేర్చుకునే దేశంలో, నూటికి తొంభై పాటలు నోటినుంచి నోటికి పోయే దేశంలో చేసుకున్న నిర్వచనమిది! జముకుల కథ చెప్పే ఆమె, ఒగ్గు కథ చెప్పే ఆయన ఎంత కొత్త వరస కట్టినా ఆ చట్టం కళ్లకు ఆనదు. 1994 సవరణతో గాని ఆ రాత నియమం తొలగిపోలేదు.

సినిమా పాట సంగతి మరొకటి. 1977లో సుప్రీంకోర్టు, నిర్మాత డబ్బిచ్చి కట్టించుకున్న పాటకు మొదటి యజమాని నిర్మాతేనని, వేరే ఒప్పందం లేనప్పుడు స్వరకర్తకు, కవికి అందులో హక్కు మిగలదని చెప్పింది. అదే తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్ వేరుగా రాస్తూ, కళాకారునికి జరుగుతున్న అన్యాయాన్ని చట్టసభ పట్టించుకోవాలని కోరాడు. పట్టించుకోవడానికి 35 ఏళ్లు పట్టింది. 2012 సవరణ ప్రకారం కవి, స్వరకర్త తమ సమాన రాయల్టీ వాటాను సినిమా ఒప్పందంలో వదులుకోవడానికి వీలులేదు.

అయినా ఉమ్మడికీ సొంతానికీ మధ్య గీత గీయడం ఇక్కడ మరింత కష్టం. 'పొన్నియిన్ సెల్వన్' రెండో భాగంలో ఎ.ఆర్. రహమాన్ కట్టిన ఒక పాట, డాగర్ సోదరుల 'శివస్తుతి'నుంచి తీసుకున్నదని వారి వారసుడు వేసిన దావాలో, 2025 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య న్యాయస్థానం డాగర్ల పేరు వేయమని, రెండు కోట్ల రూపాయలు డిపాజిట్ చేయమని ఉత్తరువిచ్చింది. అది తరతరాల ధ్రుపద సంప్రదాయపు సొత్తని రహమాన్ వాదన. సెప్టెంబరులో ద్విసభ్య ధర్మాసనం ఆ ఉత్తరువును కొట్టివేసింది. ఒకరు పాడినంత మాత్రాన వారే కట్టారనలేమని దాని అభిప్రాయం. ఈ మాటలో సత్యమున్నది. కాని అదే మాట, పాడడం తప్ప సాక్ష్యం లేని పేద గాయకుడి విషయంలో గొడ్డలి కూడా కాగలదు. తాను కట్టినదని అతడు ఏ కాగితం చూపగలడు?

7

ఇక మన ఇంటి సంగతి. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను, వీధిభాగవతాన్ని, గొల్లసుద్దులను చేపట్టి వాటిలో కొత్త ప్రాణం పోసింది. నాజర్ వంటి మహాకళాకారుడు ఆ గాలిలోనే ఎదిగాడు. పాత వరసలో కొత్త బతుకు చెప్పడం అభ్యుదయ సాహిత్యం సాధించిన విజయాలలో ఒకటి. దాన్ని కాదనడం నా ఉద్దేశం కాదు. ఆ వరసలు జనానివి, జనంకోసమే వాటిని వాడాము. డబ్బు చేసుకోలేదు.

కాని ఆ అలవాటులో ఒక బద్ధకం కూడా వచ్చి చేరింది. పాట కింద "జానపద బాణీ" అని రెండు మాటలు రాసి ఊరుకోవడం మనకు పరిపాటి అయింది. ఆ వరస ఏ ఊళ్లో విన్నాము? ఏ నాట్లలో, ఏ తిరగలి దగ్గర విన్నాము? పాడిన ఆమె పేరేమిటి? ఆమె అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నదా, తానే కట్టిందా? చాలా సంకలనాల్లో ఈ ప్రశ్నలకు జవాబు లేదు. సేకర్త పేరు అట్టమీద ఉంటుంది. పాడినవారు "జానపదులు". ఈ మాట గౌరవవాచకమే గాని, దాని కింద ఎంతమంది సాలమన్ లిండాలు పేరు లేకుండా పోయారో మనం లెక్క చెప్పలేము. సినిమా వచ్చి ఆ పుస్తకంలోని వరసనే ఎత్తుకుపోయి పట్టికలో మరొకరి పేరు వేసుకున్నప్పుడు మనం ఆవేశపడతాము. కాని ఆ దారి మొదట వేసినది మన రెండు మాటలే అని గుర్తించము. సీగర్ చేసిన పొరపాటు చెడ్డవాడి పొరపాటు కాదు. మనవంటివాడి పొరపాటు. అందుకే అది మనకు పాఠం.

ఈ చరిత్రనుంచి తీయవలసిన నిర్ణయాలు నాకు తోచినంతలో ఇవి. స్వరాలు, రాగాలు, తాళగతులు, ఒక కాలపు, ఒక ప్రాంతపు తీరు ఎవరి పట్టా భూమీ కాదు. వాటికి కంచె వేయబోయేవాడు ఎంత పెద్ద స్వరకర్త వారసుడయినా మనం ఎదిరించాలి. ఒకరు కట్టిన బాణీకి మాత్రం ఆ ఒకరి పేరు, ఆ ఒకరి కూలి ఉండితీరాలి. ఆమెకు స్వరలిపి రాకపోవడం, వేలిముద్ర తప్ప సంతకం లేకపోవడం ఆ హక్కుకు అడ్డు కారాదు. ఒక వరస ఈ రెండింటిలో ఏ కోవకు చెందుతుందో విచారించే బాధ్యత పాడినవారిది కాదు, తీసుకునేవారిది. విచారించకుండానే "అందరిదీ" అనడానికి మనకు అధికారం లేదు.

చట్టాలు మారడానికి కాలం పడుతుంది. పాటలు సేకరించేవారు, వాటిమీద వ్యాసాలు రాసేవారు, సభల్లో పాడించేవారు చేయదగిన పని రేపే మొదలుపెట్టవచ్చు. మన పెద్దలు పాట నెత్తిన వేసిన ఆ పంక్తినే మళ్లీ వేద్దాం. ఈసారి పాట పేరుతో ఆగకుండా, ఫలానా ఊరు, ఫలానా సంవత్సరం, ఫలానా ఆమె పాడిన మెట్టు అని పూర్తిగా వేద్దాం. కోర్టుల్లో రానీ మాక్‌కు దొరకని చోటు, బతికుండగా సాలమన్ లిండాకు దొరకని చోటు, మన పుస్తకాల్లోనైనా వారివంటివారికి దొరకాలి.